కొడుకులు, కూతుళ్లు, తల్లి ఆరోగ్యం: వార్తలను ఎలా చదవాలి, ఏ దశలో ఏం చేయాలి

కొడుకులను కన్న తల్లి ఆయుష్షు తగ్గుతుందని ఒక వార్త చెబుతుంది. కొడుకు పుట్టినప్పుడు ప్రసవానంతర కుంగుబాటు ఎక్కువని మరొకటి, కూతుళ్లున్న తల్లికి ముసలితనంలో ఆసరా ఉంటుందని ఇంకొకటి చెబుతాయి. వీటిని చదివిన తల్లికి ఊరట పడాలో భయపడాలో తెలియదు. ఇవి కల్పించిన వార్తలు కావు, వీటి వెనుక నిజమైన పరిశోధనలు ఉన్నాయి. కాని శీర్షికలో చెప్పినదానికీ పరిశోధనలో తేలినదానికీ మధ్య చాలా దూరం ఉంటుంది.

బిడ్డ ఆడా మగా అన్నది తల్లి శరీరం మీద నేరుగా చూపే ప్రభావం ఉన్నా అది చిన్నది. ఆ బిడ్డ పుట్టాక ఇంట్లో పని ఎవరి మీద పడింది, నింద ఎవరి మీదకు వచ్చింది, తల్లి మాటకు విలువ పెరిగిందా తగ్గిందా, మరో కాన్పు కోసం ఒత్తిడి మొదలైందా అన్నవి చూపే ప్రభావం పెద్దది. బిడ్డ లింగాన్ని ఎవరూ మార్చలేరు, ఈ రెండో రకం కారణాలను మాత్రం చాలావరకు మార్చుకోవచ్చు. అందుచేత ఈ మార్గదర్శిలో మొదట ఇలాంటి వార్తలను బేరీజు వేసే పద్ధతిని, ఆ తరువాత గర్భం నుంచి వృద్ధాప్యం వరకు తల్లి, ఆమె కుటుంబం తీసుకోదగిన చర్యలను చూద్దాం.

వార్త చదివినప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఇది ఏ కాలపు, ఏ సమాజపు తల్లుల సంగతి? కొడుకుల వల్ల తల్లి ఆయుష్షు తగ్గుతుందన్న మాటకు మూలం 2002లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం. సాములి హెల్లె, విర్పి లుమ్మా తదితరులు ఉత్తర స్కాండినేవియాలోని సామీ ప్రజల చర్చి రికార్డులను, 1640 నుంచి 1870 వరకు ఉన్నవాటిని, పరిశీలించి ఒక్కొక్క కొడుకుకు తల్లి జీవితకాలం సగటున 34 వారాలు తగ్గినట్లు లెక్కగట్టారు. ఆధునిక వైద్యం లేని రోజుల్లో, కఠినమైన చలిలో, చాలామంది పిల్లలను కన్న స్త్రీల లెక్క అది. పైగా అదే కాలానికి చెందిన జర్మనీలోని క్రుమ్‌హోర్న్, కెనడాలోని క్యుబెక్ రికార్డులను వేరే పరిశోధకులు చూసినప్పుడు అలాంటి ప్రభావం కనిపించలేదు. పోలండ్ గ్రామీణ కుటుంబాల మీద 2006లో వెలువడిన అధ్యయనంలో కొడుకైనా కూతురైనా ఒక్కో బిడ్డకు తల్లి ఆయుష్షు దాదాపు 95 వారాలు తగ్గినట్లు తేలింది. అక్కడ లాభపడింది తండ్రులు, ఒక్కో కూతురికి వారి ఆయుష్షు 74 వారాలు పెరిగింది. బెల్జియంలోని ఫ్లెమిష్ ప్రాంతపు పాత రికార్డులలో కొడుకుల ప్రభావం కింది సామాజిక వర్గాల తల్లులలోనే కనబడింది. కారణం కేవలం జీవసంబంధమైనదే అయితే ఊరు మారినప్పుడు, వర్గం మారినప్పుడు ఫలితం ఇంతగా మారకూడదు.

రెండో ప్రశ్న: ఇదే ప్రభావం తండ్రులలో కూడా కనిపించిందా? ఈ ప్రశ్నను చాలామంది వేయరు, నా దృష్టిలో అన్నిటికంటే పదునైన ప్రశ్న ఇదే. అమెరికాలో 50 ఏళ్లు దాటిన 13,222 మందిని పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, కనీసం ఒక కొడుకున్న తల్లిదండ్రులలో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి కొంత వేగంగా తగ్గుతున్నట్లు కనబడింది. "కొడుకులున్న తల్లుల మెదడు" అని ఈ ఫలితాన్ని వార్తగా మార్చడం సులభమే. అయితే తేడా తండ్రులలో కూడా ఉంది. తండ్రి గర్భం మోయడు కనుక, కారణాన్ని గర్భంలో కాక జీవన విధానంలో, సామాజిక సంబంధాలలో వెతకాలి.

మూడో ప్రశ్న: పెరిగిన శాతం దేని మీద పెరిగింది? ప్రమాదం 4 శాతం ఎక్కువ అన్నప్పుడు, నూరుమందిలో పదిమందికి వచ్చే జబ్బు పదిమందికీ పదకొండుమందికీ మధ్య ఎక్కడో ఉంటుందని అర్థం, అంతకు మించి ఏమీ కాదు. నూరుమంది తల్లుల మీద లెక్కించి చూడనిదే ఏ శాతాన్నీ మనసులోకి తీసుకోవద్దు.

నాలుగోది ప్రశ్న కంటే ఒక ఉచ్చు అనవచ్చు. కొడుకు పుట్టేవరకు కాన్పులు కొనసాగించే సమాజాలలో కూతుళ్లు సహజంగానే పెద్ద కుటుంబాలలో ఎక్కువగా ఉంటారు. అక్కడ "కూతుళ్లు ఎక్కువున్న తల్లుల ఆరోగ్యం బాగాలేదు" అని లెక్క తేలితే, దోషం కూతుళ్లది కాదు, వరుస కాన్పులది. అందుకే జాగ్రత్తగల పరిశోధకులు మొదటి బిడ్డ లింగాన్ని మాత్రమే పోలుస్తారు, ఎందుకంటే జోక్యం లేనప్పుడు అది దాదాపు యాదృచ్ఛికం. దానిలోనూ ఒక మెలిక ఉంది. అమెరికాలో మొదటి బిడ్డ కూతురైన దంపతులలో విడాకులు కొంచెం ఎక్కువని తేలినప్పుడు, తండ్రులకు కొడుకులంటే ఇష్టమన్న వివరణ ప్రచారంలోకి వచ్చింది. తరువాత 2014లో మరొక అధ్యయనం, గర్భంలో ఒత్తిడిని ఆడపిండం మెరుగ్గా తట్టుకుంటుంది కనుక, అప్పటికే కలహాలున్న దంపతులకు కూతురు పుట్టి బతికే అవకాశం కొంత ఎక్కువ కావచ్చునని చూపించింది. అంటే ఏది కారణం, ఏది ఫలితం అన్నది తలకిందులయ్యే అవకాశం కూడా ఉంది.

గర్భకాలంలో

మగబిడ్డను మోసే శరీరానికి కొంత ఎక్కువ ఖర్చవుతుందన్నది నిజమే. మగశిశువులు పుట్టినప్పుడు సగటున వంద గ్రాములకు పైగా బరువు ఎక్కువ ఉంటారు. బోస్టన్‌లో గర్భిణుల మీద చేసిన, 2003లో ప్రచురితమైన అధ్యయనంలో మగబిడ్డను మోసేవారు సుమారు పది శాతం ఎక్కువ ఆహారశక్తిని తీసుకుంటున్నట్లు తేలింది, అయినా వారు అధికంగా బరువు పెరగలేదు. గర్భకాల మధుమేహం వచ్చే అవకాశం మగబిడ్డ విషయంలో సుమారు 4 శాతం ఎక్కువని 2015లో పలు అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ చెప్పింది. నెలలు నిండకముందే ప్రసవం కావడం కూడా మగబిడ్డల్లో కాస్త ఎక్కువ.

అయితే ఈ సమాచారంతో గర్భిణి చేయవలసిన పని ఏమిటి? బిడ్డ లింగాన్ని బట్టి చేయవలసినది ఏమీ లేదు. 24 నుంచి 28 వారాల మధ్య చేయించుకునే చక్కెర పరీక్ష అందరికీ అవసరమే. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తగ్గితే గర్భిణిలో రక్తహీనతగా లెక్కించి చికిత్స మొదలుపెట్టడం అందరికీ వర్తిస్తుంది. ఆకలి ఎక్కువైతే తినాలి, అది ఎవరిని మోస్తున్నందుకన్న ఆరా అనవసరం. గర్భకాల మధుమేహం వచ్చినవారు ప్రసవంతో పని అయిపోయిందని వదిలేయడం మాత్రం తరచూ జరిగే పొరపాటు. ప్రసవమైన 4 నుంచి 12 వారాలలోపు మళ్లీ చక్కెర పరీక్ష చేయించుకుని, ఆ తరువాత కూడా ఒకటి నుంచి మూడేళ్లకొకసారి కొనసాగించాలి, ఎందుకంటే వారికి ముందుముందు టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం మిగతా స్త్రీల కంటే అనేక రెట్లు ఎక్కువ.

బిడ్డ కణాలు కొన్ని తల్లి శరీరంలో దశాబ్దాల పాటు నిలిచిపోతాయన్న సంగతి కూడా ఈ మధ్య కొడుకుల పేరుతో వార్తల్లోకి వస్తోంది. కొడుకును కన్న 27 ఏళ్ల తరువాత కూడా తల్లి రక్తంలో మగ కణాలను 1996లో కనుగొన్నారు. కూతుళ్ల కణాలు కూడా అలాగే నిలుస్తాయి. వై క్రోమోజోమ్ ఉండటం వల్ల స్త్రీ శరీరంలో మగ కణాలను గుర్తించడం సులువు కనుక పరిశోధకులు వాటినే వెతికారు. ఇది కొడుకుల ప్రత్యేకత అనుకోనక్కరలేదు.

ప్రసవానికి ముందే కుటుంబంలో చెప్పి ఉంచవలసిన మాట ఒకటుంది. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. తండ్రి వీర్యకణం ఎక్స్‌ను తెస్తే కూతురు, వైని తెస్తే కొడుకు. కూతురు పుట్టినందుకు తల్లిని నిందించేవారికి ఈ సంగతి తెలియకపోవడమే కారణమని నేను అనుకోను, తెలిసి కూడా నిందించేవారుంటారు. అయినా ఆ మాట తల్లి నోటి నుంచి కాక వైద్యుల నోటి నుంచి, భర్త ఎదురుగా, వచ్చేలా చూసుకోవడం మంచిది. నింద మొదలయ్యాక సమాధానం చెప్పడం కంటే అది మొదలుకాకముందే చెప్పించడం సులువు.

ప్రసవం తరువాతి మొదటి ఏడాది

ఇంగ్లండ్‌లో కెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 296 మంది స్త్రీల వివరాలను పరిశీలించి, మగబిడ్డను కన్నవారిలో ప్రసవానంతర కుంగుబాటు అవకాశాలు 71 నుంచి 79 శాతం వరకు ఎక్కువని చెప్పారు. నూరుమందిలో పదిమందికి కుంగుబాటు వచ్చే చోట ఈ లెక్క ప్రకారం మగబిడ్డల తల్లులలో సుమారు పదహారుమందికి వస్తుంది. గోవాలో తల్లుల మీద చేసిన, 2002లో ప్రచురితమైన అధ్యయనంలో పరిస్థితి వేరుగా ఉంది. అక్కడ ఆడబిడ్డ పుట్టడం, దానితో పాటు పేదరికం, భర్త హింస తల్లి కుంగుబాటుకు కారణాలయ్యాయి. ఈ రెండూ ఒకదానినొకటి ఖండించవు. బిడ్డ లింగానికి చుట్టూ ఉన్నవారు ఇచ్చే అర్థం బలంగా ఉన్నచోట అదే పైచేయి అవుతుంది, అది బలహీనంగా ఉన్నచోట శరీర సంబంధమైన చిన్న తేడాలు బయటపడవచ్చు.

కెంట్ అధ్యయనంలో శీర్షికలకెక్కని ఒక విషయం నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. ప్రసవంలో సమస్యలు ఎదురైతే కుంగుబాటు పెరుగుతుంది, కాని అంతకుముందే ఆందోళన, కుంగుబాటు ఉన్నాయని తెలిసిన స్త్రీలలో ఆ పెరుగుదల అంతగా లేదు. వారికి అదనపు తోడ్పాటు ముందే అందడం దీనికి కారణమై ఉంటుందని పరిశోధకులు భావించారు. ఆ అంచనా సరైనదైతే, ముప్పు ఉందని ముందుగా తెలిసినవారికి సహాయం అందింది, అది పనిచేసింది.

కనుక ముందుగా చెప్పుకోవడమే మొదటి చర్య. గతంలో కుంగుబాటు వచ్చి ఉంటే, ఇంట్లో ఫలానా బిడ్డే కావాలన్న ఒత్తిడి ఉంటే, లేదా తల్లి తానే ఒకరిని ఆశించి మరొకరు పుట్టినప్పుడు నిరాశ పడుతుంటే ఆ సంగతిని వైద్యులకు, నర్సుకు చెప్పాలి. నిరాశ పడటం తప్పు కాదు, అది బిడ్డ మీద ప్రేమ లేదన్నదానికి గుర్తు కూడా కాదు. చెప్పుకున్న నిరాశ సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గుతుంది, దాచుకున్నది అపరాధభావంగా మారుతుంది.

ప్రసవమైన కొద్ది రోజులకు కన్నీళ్లు, చిరాకు రావడం మామూలే, అవి రెండు వారాల్లో వాటంతటవే తగ్గాలి. అలా తగ్గకపోతే ఎడిన్‌బరో ప్రసవానంతర కుంగుబాటు ప్రశ్నావళిని అడిగి నింపడం మంచిది. 1987లో రూపొందిన ఈ ప్రశ్నావళిలో పది ప్రశ్నలుంటాయి, గరిష్ఠ స్కోరు 30. స్కోరు పదికి చేరితే వైద్యులతో మాట్లాడాలి, 13 లేదా అంతకు మించితే ఆలస్యం చేయకూడదు. తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి అడిగే చివరి ప్రశ్నకు "ఎప్పుడూ లేదు" తప్ప మరే జవాబు వచ్చినా మొత్తం స్కోరుతో నిమిత్తం లేకుండా ఆ రోజే సహాయం తీసుకోవాలి. లేని గొంతులు వినబడటం, నిద్ర అవసరమే లేదన్నట్లు ఉండటం, బిడ్డ గురించి వింత నమ్మకాలు కలగడం అత్యవసర లక్షణాలు, తల్లిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రసవించిన స్త్రీలలో సుమారు 13 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యను, ముఖ్యంగా కుంగుబాటును, ఎదుర్కొంటారు. కొడుకు తల్లులూ కూతురి తల్లులూ ఆ 13 శాతంలో ఉన్నారు.

ఇంట్లోవారు చేయదగిన పని చిన్నదే అయినా ప్రభావం పెద్దది. రాత్రి వరుసగా నాలుగైదు గంటల నిద్ర తల్లికి దొరికేలా ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి. బిడ్డను చూడవచ్చినవారు ఆడా మగా అన్నదాని మీద చేసే వ్యాఖ్యలను తల్లి దాకా రానీయకుండా భర్తే అడ్డుకోవాలి. ఆ పని తల్లికి వదిలితే ఆమె మౌనంగా వింటుంది, లేదా అలసిన శరీరంతో వాదనకు దిగుతుంది, రెండూ నష్టమే.

మరో కాన్పు నిర్ణయం

కూతుళ్లున్న తల్లి ఆరోగ్యానికి అసలైన ముప్పు ఎక్కడుందని అడిగితే నేను ఈ దశనే చూపిస్తాను. భారతదేశపు గణాంకాల మీద అన్నమారియా మిలాజో చేసిన, 2018లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం మొదటి బిడ్డ కూతురైన స్త్రీలు ఎక్కువ కాన్పులు, తక్కువ ఎడంతో కంటున్నారు, వారిలో రక్తహీనత కూడా ఎక్కువ. అంతకుముందు 2011లో సీమా జయచంద్రన్, ఇలియానా కుజియెమ్కో కూతుళ్లకు తల్లిపాలు కొడుకుల కంటే తక్కువ కాలం అందుతున్నాయని చూపించారు. కూతురంటే ఇష్టం లేక కాదు, కొడుకు కోసం త్వరగా మళ్లీ గర్భం దాల్చాలన్న తొందర వల్ల పాలు త్వరగా మాన్పిస్తున్నారు. ఒకే తొందర ఇద్దరి ఆరోగ్యాన్నీ, తల్లిదీ బిడ్డదీ, దెబ్బతీస్తోందన్నమాట.

ప్రసవానికీ తదుపరి గర్భానికి చేసే ప్రయత్నానికీ మధ్య కనీసం 24 నెలల ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. శరీరం ఇనుము, ఇతర పోషకాల నిల్వలను తిరిగి నింపుకోవడానికి ఆ సమయం కావాలి. ఈ ఎడం పాటించడానికి గర్భనిరోధక పద్ధతిని ప్రసవానికి ముందే నిర్ణయించుకోవాలి, ఎందుకంటే ప్రసవం తరువాతి నెలల్లో ఆ నిర్ణయం తీసుకునే తీరిక ఎవరికీ ఉండదు. పాలిస్తున్నంత కాలం గర్భం రాదన్న నమ్మకం పూర్తిగా సరైనది కాదు. అది పనిచేయాలంటే బిడ్డ వయసు ఆరు నెలల లోపు ఉండాలి, బిడ్డకు పగలూ రాత్రీ తల్లిపాలు మాత్రమే అందుతుండాలి, నెలసరి తిరిగి మొదలు కాకుండా ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా వేరే పద్ధతి అవసరం.

కుటుంబం నుంచి ఒత్తిడి వస్తే వాదనకు బదులు రెండు సంగతులను ముందుంచడం మేలు. మొదటిది లెక్క: ప్రపంచమంతటా సహజంగా వంద మంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు, ముగ్గురు కూతుళ్లు పుట్టాక కూడా నాలుగో కాన్పులో అవకాశం దాదాపు సగానికి సగమే. ఇన్ని కాన్పుల తరువాత కొడుకు తప్పకుండా పుడతాడన్న హామీ ప్రకృతిలో లేదు. రెండోది పరీక్ష ఫలితం: తల్లి హిమోగ్లోబిన్, రక్తపోటు, గత ప్రసవాల వివరాలతో వైద్యులు రాసిచ్చిన కాగితం. "నాకిష్టం లేదు" అన్న మాటను కొట్టిపారేసే ఇంట్లో కూడా ఆ కాగితాన్ని కొట్టిపారేయడం కష్టం. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే అది సరిదిద్దేదాకా మరో గర్భం గురించిన చర్చను వాయిదా వేయమని అడగడం పూర్తిగా న్యాయమైన కోరిక.

చైనాలో జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో మొదటి బిడ్డ కొడుకైన తల్లులకు ఇంటి నిర్ణయాలలో ఎక్కువ మాట చెల్లుతోందని, వారి పోషణ కూడా మెరుగ్గా ఉందని తేలింది. దీనిని కొడుకు వల్ల కలిగే లాభంగా చదవడం సరికాదని నా అభిప్రాయం. తల్లి తిండి, వైద్యం ఇంట్లో ఆమెకున్న హోదా మీద ఆధారపడి ఉన్నాయని, ఆ హోదా బిడ్డ లింగంతో మారిపోతోందని అది చెబుతోంది. అందువల్ల తల్లి వైద్య ఖర్చును ఎవరి దయ మీదా వదలకుండా, ఆమె చేతిలోనే ఉండే కొంత సొమ్ముగా వేరుచేసి పెట్టడం కూతుళ్ల తల్లికి మరీ అవసరం.

పెంచే రోజుల్లో పని పంపకం

ఇంటి పని, సంరక్షణ రూపంలో జీతం లేకుండా జరిగే శ్రమలో 76.2 శాతం స్త్రీలే చేస్తున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో చెప్పింది. 5 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు తమ వయసు మగపిల్లల కంటే 40 శాతం ఎక్కువ సమయం ఇంటి పనికి వెచ్చిస్తున్నారని యునిసెఫ్ 2016లో లెక్కగట్టింది. కూతుళ్లు పుడితే తల్లికి చేదోడు అన్న మాటలోని అసలు సంగతి ఈ రెండు అంకెల్లో ఉంది. తల్లికి తగ్గిన భారం ఎక్కడికీ పోలేదు, చిన్న భుజాల మీదకు మారింది. కొడుకులున్న తల్లి ఎక్కువ అలసిపోతుందన్నది నిజమైతే, ఆ కొడుకులకు పని నేర్పకపోవడం దానికి ఒక ముఖ్య కారణం.

దీనిని సరిదిద్దడానికి ఒక వారం పాటు ఇంట్లో జరిగే ప్రతి పనినీ, చేసినవారి పేరునూ కాగితం మీద రాయండి. చేసిన పనితో పాటు గుర్తుపెట్టుకున్న పనిని కూడా రాయాలి. టీకా తేదీ, బడి ఫీజు గడువు, అయిపోవస్తున్న మందు, వీటిని ఎవరు మనసులో మోస్తున్నారన్నది చాలా ఇళ్లలో లెక్కకే రాదు. వారం చివర ఆ కాగితం ఇంటిల్లిపాది ముందు పెట్టి, పనులను వయసును బట్టి పంచండి, లింగాన్ని బట్టి కాదు. ఆరేళ్ల బిడ్డ తన బట్టలు మడవగలడు, పదేళ్ల బిడ్డ గిన్నెలు కడగగలడు, పదమూడేళ్లకు సాదా భోజనం వండగలడు. కొడుకు చేసిన పని వంకరగా ఉందని తల్లే మళ్లీ చేయడం మొదలుపెడితే ఆ పని శాశ్వతంగా ఆమెకే మిగులుతుంది. వంకరగా ఉన్నా అలాగే ఉండనివ్వడం కష్టమే, కాని తప్పదు.

తండ్రులు కొడుకులతో గడిపే సమయం కూతుళ్లతో గడిపే సమయం కంటే ఎక్కువని అమెరికా అధ్యయనాలు పలుమార్లు చూపించాయి. ఆటలు, బయటి పనులు ఇందుకు సాకులవుతాయి. దీని పర్యవసానంగా కూతుళ్లు మాత్రమే ఉన్న తల్లికి విరామం తక్కువ దొరుకుతుంది. తండ్రి ఇష్టాయిష్టాలకు వదలకుండా వారంలో కొన్ని గంటలను ఆయన ఒక్కరే పిల్లలను చూసుకునే సమయంగా ఖాయం చేసుకోవాలి. ఆ గంటలు తల్లి నిద్రకు, నడకకు, స్నేహితులకు చెందాలి, పెండింగ్‌లో ఉన్న ఇంటి పనికి కాదు.

మగపిల్లల్లో నిలకడలేమి, ఎదురుతిరిగే ప్రవర్తన, ఆటిజం ఎక్కువగా గుర్తింపుకు వస్తాయి. బడి నుంచి ఫిర్యాదులు వచ్చేది ఎక్కువగా తల్లికే కనుక ఆ సంవత్సరాలు ఆమెను నలిపేస్తాయి. ఇలాంటప్పుడు "మగపిల్లలంతే" అని సరిపెట్టుకోవడం, "నా పెంపకం లోపం" అని కుమిలిపోవడం, రెండూ పరీక్షను ఆలస్యం చేస్తాయి. బిడ్డ ఎదుగుదల నిపుణులకు చూపించడం, బడితో మాట్లాడటానికి తండ్రి కూడా వెళ్లడం తల్లి ఆరోగ్యానికి కూడా చికిత్సే.

కౌమారం

ఈ వయసులో కుంగుబాటు ఆడపిల్లల్లో మగపిల్లల కంటే దాదాపు రెట్టింపు కనిపిస్తుంది, ప్రమాదాలు, గాయాలు మగపిల్లల్లో ఎక్కువ. తల్లి దిగులు తీరు కూడా దానిని బట్టి మారుతుంది: ఒకరు గదిలో మాట్లాడకుండా ఉన్నందుకు, మరొకరు రాత్రి ఇంటికి రానందుకు. నెదర్లాండ్స్‌లో చేసిన ఒక పెద్ద అధ్యయనంలో బిడ్డ వయసు 13 నుంచి 18 వరకు ఉన్న కాలంలో మాత్రమే కూతుళ్ల తల్లిదండ్రులలో విడాకులు కొంచెం పెరిగాయి. అక్కచెల్లెళ్లతో పెరిగిన తండ్రుల విషయంలో ఆ పెరుగుదల లేదు. అంటే తండ్రి తన కూతురి వయసును అర్థం చేసుకోలేకపోవడం భార్యాభర్తల మధ్య తగవుగా మారుతోంది. తల్లి ఇద్దరి మధ్యా రాయబారిగా ఉండటం మానుకుని, అనుమతులు, సమయాలు, ఫోను వాడకం వంటి నియమాలను తండ్రీ కూతురూ నేరుగా కూర్చుని తేల్చుకునేలా చేయాలి. తన నిద్ర రెండు వారాలకు మించి చెడితే తల్లి కూడా వైద్యులను కలవాలి, బిడ్డకు మాత్రమే సలహా ఇప్పించి ఊరుకోకూడదు.

పిల్లలు పెద్దవారయ్యాక

అమెరికాలో వృద్ధ తల్లిదండ్రుల సంరక్షణ మీద ఏంజెలీనా గ్రిగోరియెవా 2014లో సమర్పించిన పరిశోధనలో కూతుళ్లు నెలకు సగటున 12.3 గంటలు, కొడుకులు 5.6 గంటలు వెచ్చిస్తున్నట్లు తేలింది. కూతుళ్లు తమ ఉద్యోగం, పిల్లల బాధ్యతలు అనుమతించిన మేరకు ఎంత చేయగలిగితే అంత చేశారు. కొడుకులు మాత్రం అక్కో చెల్లెలో ఉంటే తమ వంతు తగ్గించుకున్నారు. కనుక కూతురుంటే భరోసా అన్న మాటకు ఆధారం ఉంది, ఆ భరోసా ఒకే మనిషి ఆరోగ్యాన్ని కరిగించి వస్తున్నదన్నదానికీ ఆధారం ఉంది. తల్లులు కూడా తమ మనసులోని మాట చెప్పుకోవడానికి, జబ్బు చేస్తే చూసుకోవడానికి కూతురినే ఎంచుకుంటారని అమెరికా పరిశోధనలు చెబుతున్నాయి. అడగకపోతే కొడుకు చేయడు, చేయడన్న నమ్మకంతో తల్లి అడగదు.

మధ్యవయసు తల్లిదండ్రుల మీద 2012లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం, మిగతా పిల్లలు బాగున్నా ఒక్క బిడ్డ కష్టాల్లో ఉంటే చాలు తల్లిదండ్రుల మనశ్శాంతి తగ్గుతుంది. ఆ బిడ్డ కొడుకా కూతురా అన్నదాని కంటే ఆ కష్టమే ఎక్కువ బరువు. పెద్దవాడైన బిడ్డ అప్పులు, తాగుడు, కాపురపు గొడవలు తల్లి రక్తపోటు మీద కనబడుతున్నప్పుడు తాను ఇవ్వగలిగిన సహాయానికి ఒక హద్దు, ఒక మొత్తం, ఒక గడువు ముందుగా నిర్ణయించి చెప్పడం తల్లికి కఠినంగా తోచవచ్చు. హద్దు లేని సహాయం ఎక్కువ కాలం నిలవదు, ఆమె పడకేసిన రోజున అది ఎలాగూ ఆగిపోతుంది.

అరవై దాటేలోగా, ఆరోగ్యం బాగున్నప్పుడే, పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెట్టి సంరక్షణ పనులను పేరు పేరునా పంచాలి. "అందరూ చూసుకుంటారు" అన్న ఒప్పందం ఆచరణలో కూతురు చూసుకుంటుందన్న అర్థానికే వస్తుంది. దూరంగా ఉన్న కొడుకు కూడా డాక్టరు అపాయింట్‌మెంట్లు తీసుకోవడం, ఆసుపత్రి బిల్లులు చెల్లించడం, బీమా కాగితాలు చూడటం, వారానికి రెండుసార్లు ఫోన్ చేసి మందులు వేసుకున్నారో లేదో కనుక్కోవడం వంటివి చేయగలడు. స్నానం చేయించడం, రాత్రి తోడుండటం వంటి దగ్గరి పనులు కూతురికీ కోడలికీ మాత్రమే అని వదిలేయకుండా, కొడుకు ఏడాదిలో కొన్ని వారాలు వచ్చి ఆ పనులు తానే చేయాలి, లేదా జీతానికి పెట్టిన మనిషి ఖర్చు తాను భరించాలి. తల్లి వాడే మందుల జాబితా, మోతాదులు, అలర్జీలు, వైద్యుల ఫోన్ నంబర్లు ఒకే కాగితం మీద రాసి ప్రతి బిడ్డకూ ఒక నకలు ఇవ్వాలి. మందు మారిన ప్రతిసారీ కొత్త కాగితం పంపే పనిని కొడుకుకే అప్పగించవచ్చు.